చిన్న షెడ్డే కదా అని పునాది మానేయకండి: నల్లరేగడిలో గొడ్ల చావిడి



ఈసారి వీడియోలో మా పెరట్లో కట్టిన కొత్త గొడ్ల చావిడి మొత్తం తిప్పి చూపించాను. రేకులు, గాడి, మూత్రం కాలవ, మూత్రం పడే తొట్టి అన్నీ కనిపిస్తాయి. కనిపించనిది పునాది ఒక్కటే. పెట్టిన డబ్బులో సగానికి పైగా అందులోనే పోసాను. "రెండు ఆవులకి ఇంత పునాదా, పిచ్చి గానీ పట్టిందా" అని మా ఊళ్లో నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లకి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది పల్నాడు, సత్తెనపల్లి వైపు. నేలంతా నల్లరేగడి. ఎనిమిదేళ్ల కిందట ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చినప్పుడు రెండు ఒంగోలు ఆవుల్ని తెచ్చుకున్నాం. జీవామృతానికి పేడ కావాలి, మూత్రం కావాలి. పాలేకర్ గారు చెప్పిన కొలత మీ అందరికీ తెలిసిందే. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో డబ్బు పెట్టినా బజార్లో దొరకనిది మూత్రం. అందుకని షెడ్డులో గచ్చు ఉండాలి, మూత్రం ఒకచోటికి చేరాలి అనుకున్నా.

మేస్త్రీని పిలిచి పునాది సంగతి అడిగితే, "చిన్న షెడ్డుకి పునాది ఎందుకు బాబాయ్, మనమేమన్నా బిల్డింగు లేపుతున్నామా? అడుగున్నర తవ్వి ఇటుక కట్టేద్దాం, లోపల నాలుగంగుళాలు కాంక్రీటు పోసేద్దాం" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. తప్పు అతని ఒక్కడిదే కాదు, ఖర్చు తగ్గుతుందని తలూపింది నేను. మా నాన్న మాత్రం, "ఒరేయ్, గొడ్డు నిలబడే చోటు ముందు చూసుకో, నీడ సంగతి తర్వాత" అన్నాడు. పెద్దాయన మాట కదా అని విన్నట్టే విని వదిలేశా.

మొదటి ఏడాది ఏమీ కాలేదు. రెండో ఏడాది వానలకి గచ్చు మధ్యలో బోర్లించిన మూకుడులా లేచింది. కాలవ వైపు పోవాల్సిన మూత్రం గోడ మొదట్లోకి పోవడం మొదలెట్టింది. గోడ కింద తడి పెరిగేకొద్దీ అక్కడి నేల ఇంకా ఉబ్బింది. మూలల్లో చేతివేలు దూరేంత బీటలు వచ్చాయి. ఎండాకాలంలో అదే గచ్చు కిందికి దిగి, ముక్కకీ ముక్కకీ మధ్య అంచులు లేచాయి. ఒకరోజు తెల్లవారుజామున మా గౌరి లేవబోతూ ఆ అంచు దగ్గర వెనక్కాలు జారి పడింది. అప్పుడది ఏడు నెలల చూడి. మూడో రోజు ఈసుకుపోయింది. కాలు బాగవడానికి రెండు నెలలు పట్టింది. గచ్చు పాడైతే మళ్లీ పోసుకుంటాం. ఆ దూడని ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే ఇప్పుడు గట్టిగా చెప్తున్నా. నల్లరేగడిలో "చిన్న షెడ్డే కదా" అనే మాట పూర్తిగా తప్పు.

తేలిక కట్టడానికే ఎక్కువ ప్రమాదం

మనమంతా పునాది అంటే బరువు మోయడానికే అనుకుంటాం. బరువు తక్కువైతే పునాది తక్కువ చాలు అని లెక్క వేస్తాం. ఎర్రనేలలో, గట్టి గ్రావెల్ నేలలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. నల్లరేగడిలో సరిపోదు. ఈ నేలలో నీళ్లు పీల్చి ఉబ్బే బంకమట్టి ఎక్కువ. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఉబ్బేటప్పుడు పైన ఉన్నదాన్ని లేపడానికి చూస్తుంది. పైన పెద్ద బరువుంటే ఆ బరువు కొంత అణిచిపెడుతుంది. తేలికపాటి గోడ, నాలుగంగుళాల గచ్చు అయితే అణిచే బలం ఏముంది? అందుకే నల్లరేగడి ఊళ్లలో ప్రహరీ గోడలు, బాత్‌రూములు, వరండా గచ్చులు ముందు పగులుతాయి. మీ ఊళ్లో ఒకసారి తిరిగి చూడండి.

మీ నేల ఉబ్బే రకమో కాదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఒకే సైజు గాజు గ్లాసులు రెండు తీసుకోండి. పునాది లోతు నుంచి తీసిన మట్టిని బాగా ఎండబెట్టి, పొడి చేసి, సన్న జల్లెడ పట్టి, రెండిట్లోనూ సమానంగా వేయండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి కలిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో బంకమట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. మర్నాడు అడుగున తేరిన మట్టి ఎత్తులో తేడా చూడండి. కిరోసిన్‌లో రెండంగుళాలు ఉండి నీళ్లలో మూడంగుళాలు దాటిందంటే, ఆ నేలతో జాగ్రత్తగా ఉండాలని అర్థం. ఇంజనీర్లు ల్యాబులో కొలత గొట్టాలతో చేసేది కూడా ఈ పద్ధతే. వీడియోలో మా మట్టితో చేసి చూపించాను, చూడండి.

తాతల పద్ధతి తప్పు కాదు, మనం సగమే తీసుకున్నాం

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లలో కొందరు నాతో వాదించారు. "మన తాతలు సిమెంటు వాడారా? రాటలు పాతి, తాటాకు కప్పి, మట్టి నేల మీదే గొడ్లు కట్టేయలేదా?" అని. నిజమే, వాళ్లకేం తక్కువ తెలివి లేదు. వాళ్లు కట్టింది కదిలే కట్టడం. వేప రాట, తుమ్మ రాట నాలుగంగుళాలు అటూ ఇటూ ఒరిగినా తాటాకు పగలదు. నేల గుంటలు పడితే మళ్లీ మట్టి తోలి చదును చేసేవాళ్లు. మూత్రం ఇంకిన పాత మట్టిని తవ్వి బండ్ల మీద చేలోకి తోలేవాళ్లు. అంటే నేల కదులుతుందని వాళ్లకి తెలుసు, ఏడాదికోసారి సరిచేసుకోవడానికి ఒప్పుకునే కట్టారు. నెత్తిన తట్ట పెట్టుకుని ఆ మట్టి మోసే మనుషులు ఇంట్లోనే ఉన్నారు.

మనం ఏం చేశాం? ఏటా సరిచేసే ఓపిక వదిలేశాం. సిమెంటు గచ్చు, ఇటుక గోడ పెట్టుకున్నాం. అవి ఒక్క అంగుళం కదలికకే పగిలే రకం. వాటికి కావాల్సిన పునాది మాత్రం పెట్టలేదు. తాతల పద్ధతిలో సగం, ఇప్పటి పద్ధతిలో సగం కలిపి రెండిటి నష్టాలూ నెత్తికెత్తుకున్నాం.

కాబట్టి నేను చెప్పేది ఇదే. కదిలే నేల మీద కదిలే పాక వేసుకోండి, ఏటా సరిచేసుకోండి. లేదంటే గట్టి కట్టడం కట్టండి, దానికి గట్టి పునాది వేయండి. పునాది లేకుండా గట్టి కట్టడం మాత్రం కట్టకండి. ఒకటో రెండో ఆవులుండి, ఇంట్లో చేసే చేతులుంటే నేను మొదటిదే మంచిదంటాను. మా ఇంట్లో ఆ చేతులు లేవు, పైగా మూత్రం పట్టాలి, డ్రమ్ములు పెట్టాలి. జీవామృతం డ్రమ్ము ఒక్కటే 200 కిలోల పైన. నాలుగు డ్రమ్ములు, ఘనజీవామృతం బస్తాలు ఒక మూల చేరితే అక్కడ టన్ను బరువు పడ్డట్టే. అందుకని రెండో దారి పట్టాను.

నేను ఏం చేశానంటే

చావిడి కొలత 20 అడుగులు, 15 అడుగులు. పొడవు తూర్పు పడమరలుగా పెట్టాను, మధ్యాహ్నం ఎండ లోపలికి పెద్దగా రాదు. ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి మూలకి టేపు పట్టండి. ఈ కొలతకి రెండు వైపులా సరిగ్గా 25 అడుగులు రావాలి. రాలేదంటే మూలమట్టం తప్పినట్టే, తవ్వకముందే సరిచేసుకోవాలి.

చోటు విషయంలో కూడా పాత తప్పు దిద్దుకున్నా. పాత షెడ్డు వేపచెట్టుకి ఆరడుగుల్లో ఉండేది. నీడ వస్తుందని అక్కడ కట్టాం. చెట్టు వేర్లు ఒక పక్క నేలలో తడి లాగేస్తాయి, రెండో పక్క తడిగా ఉంటుంది. ఒక పక్క దిగి ఒక పక్క లేస్తే ఏ గోడైనా పగులుతుంది. ఈసారి చెట్టుకి దూరం జరిగాం. పల్లం కాకుండా మెరక చూసుకున్నాం, తాగునీటి బోరుకి కూడా దూరంగా పెట్టాం.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి తొలకరికి ముందే పైకి తేల్చాం. తవ్విన పునాది వానకి తడిస్తే కింద మట్టి ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి గుంటలో కట్టడం కంటే కట్టకపోవడం నయం.

కాలవ రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. చుట్టుకొలత 70 అడుగులు, అంటే 700 ఘనపుటడుగుల మట్టి బయటికి వచ్చింది. ఇది ట్రాక్టరు ట్రక్కుల్లో ఏడు దాకా అవుతుంది. లారీ బేకర్ గారు ఖర్చు తగ్గించే ఇళ్ల గురించి చెప్తూ, పునాదిలోంచి తీసిన మట్టిని బయట పోయకుండా లోపలే పోయండి, మెరక నింపడానికి పనికొస్తుంది అన్నారు. మంచి మాట. కానీ అది ఉబ్బని నేలకి. నల్లరేగడిని మళ్లీ గచ్చు కింద నింపితే శత్రువుని ఇంట్లో పెట్టుకున్నట్టే. మేం ఆ మట్టి ఒక్క తట్ట కూడా లోపల వేయలేదు. పైపొర మట్టిని విడిగా తీసి చేలో పల్లం ఉన్న మడికి తోలించాం. పునాదికి పనికిరాని మట్టి పంటకి బంగారం, పారేయకండి.

కాలవ అడుగున అడుగు మందం గ్రావెల్. తెలంగాణ వాళ్లు మొరం అంటారు కదా, అదే. ఆరంగుళాల చొప్పున రెండు పొరలుగా పోసి, కొద్దిగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. ఒకేసారి అడుగు పోసి పైపైన కొడితే కింద గుల్లగా ఉండిపోతుంది. కొందరు మేస్త్రీలు గ్రావెల్ బదులు ఇసుక నింపమంటారు. నాకది నచ్చదు. నల్లరేగడి కాలవలో ఇసుక నింపితే వాన నీళ్లు దాంట్లోంచి దిగి అడుగున తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. ఆ నీళ్లని పక్కనున్న రేగడి నెమ్మదిగా పీలుస్తూనే ఉంటుంది. కొంచెం బంక ఉండి, ఉబ్బని గ్రావెల్ అయితే గట్టిగా అణుగుతుంది, నీళ్లని అంత తేలిగ్గా వదలదు. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి అనే ఆచార్యులు నల్లనేలల మీద పనిచేసి, ఉబ్బే మట్టికీ కట్టడానికీ మధ్య ఇలాంటి ఉబ్బని మట్టి పొర వేయాలని చెప్పారు. నల్లనేలల్లో పంట కాలవలకి ఆ పద్ధతి వాడారు. పెద్ద కాలవలకి పనికొచ్చినది మన చావిడికీ పనికొస్తుంది.

గ్రావెల్ మీద ఐదంగుళాల బెడ్ కాంక్రీటు, ఒక పాలు సిమెంటుకి నాలుగు ఇసుక, ఎనిమిది పెద్ద కంకర. దాని మీద అడుగున్నర వెడల్పు రాతి కట్టుబడి, నేల మీదికి అడుగున్నర లేపాం. రాతి గోడకీ కాలవ గట్టుకీ మధ్య రెండు పక్కలా మిగిలిన సందులో కూడా గ్రావెలే నింపాం. పక్క నుంచి నేల ఉబ్బి నెట్టినా ఆ పొర కొంత సర్దుకుంటుంది. కట్టుబడి పైన చుట్టూ ఒకే పట్టీలా ప్లింత్ బీమ్, పది ఎంఎం కడ్డీలు నాలుగు. ఒక మూల కొంచెం కదిలినా నాలుగు వైపులూ కలిసి నిలబడతాయి. గోడలు నడుము ఎత్తు వరకే, ఆ పైన పైపులు, రేకులు. గాలి ఆడుతుంది, పగలడానికి పెద్ద గోడ కూడా లేదు.

లోపల కూడా అడుగున్నర రేగడి తీసేసి, మెరక ఎత్తు దాకా గ్రావెల్ నింపి పొరపొరకీ దిమ్మిస కొట్టాం. పునాది, లోపలి నింపు కలిపి గ్రావెల్ పన్నెండు పదమూడు ట్రక్కులు పట్టింది. ఖర్చంతా ఇక్కడే అయింది, దాచిపెట్టను.

పైన కాంక్రీటు గచ్చు పోయలేదు. ఆవు నిలబడే చోట మా పల్నాటి నాపరాళ్లు, నునుపు చేయనివి, గరుకు వైపు పైకి పెట్టి పరిచాం. ఎక్కడైనా ఒక రాయి కదిలితే ఆ ఒక్కదాన్నే లేపి, కింద గ్రావెల్ సర్ది మళ్లీ పెట్టుకోవచ్చు. కాంక్రీటు పలక పగిలితే మొత్తం కొట్టేయాలి. వాలు ఏడడుగులకి రెండంగుళాలు ఇచ్చాం. అంతకంటే ఎక్కువైతే ఆవుకి నిలబడటం ఇబ్బంది, తక్కువైతే మూత్రం నిలుస్తుంది. వెనక అడుగు వెడల్పు కాలవ, చివర తొట్టి. పగలు పడుకునే పక్కన ఉత్త గ్రావెల్ నేలే వదిలేసి గడ్డి పరుస్తున్నాం. నెల తిరక్కుండానే ఆవులు ఎటు పోయి పడుకుంటున్నాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

పునాదికి అసలు శత్రువు నీళ్లు

ఇంత చేసి చూరు నీళ్లు గోడ మొదట్లో పడనిస్తే అంతా బూడిదలో పోసినట్టే. లెక్క వేయండి. 20, 15 అడుగుల కప్పు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 1,400 లీటర్ల నీళ్లు. ఒక్క వానకి అన్ని నీళ్లు పునాది పక్కన గుమ్మరిస్తే ఏ నేలైనా ఊరుకుంటుందా? మేం చూరుకి గట్టర్ పెట్టి ఆ నీళ్లని తొట్టికి మళ్లించాం, నిండాక పొంగేది పది అడుగుల అవతల కాలవలోకి పోతుంది. జీవామృతానికి ఆ నీళ్లే వాడుతున్నాం. చావిడి చుట్టూ మూడడుగుల వెడల్పు రాతి అరుగు, అడుగుకి అర అంగుళం బయటికి వాలు. దాని వల్ల గోడ పక్క నేల వానకి మరీ తడవదు, ఎండకి మరీ ఎండదు. నేల ఒకే తీరుగా ఉంటే కదలదు.

డబ్బు తక్కువుంటే ఏది మానుకోవాలి అని అడుగుతారు. నా జవాబు: రంగు రేకులు మానుకోండి, గోడలు మానుకోండి, గేటు మానుకోండి. మెరక, గ్రావెల్, నీళ్లు బయటికి పోయే దారి మానకండి. రేకులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పునాది మార్చాలంటే చావిడి కూల్చాలి.

ఎర్రనేల, గరుకు నేల ఉన్నవాళ్లు ఇదంతా చేయక్కర్లేదు. రెండడుగులు తవ్వేసరికి గట్టి నేల తగిలితే అక్కడి నుంచే కట్టుకోండి. మా పద్ధతి చూసి అనవసరంగా ఖర్చు చేయకండి. ఇంకో మాట. ఇది గొడ్ల చావిడి సంగతి. మనుషులుండే ఇల్లు నల్లరేగడిలో కడుతుంటే ఇంజనీరు సలహా లేకుండా ముందుకి పోవద్దు. అడుగున గడ్డలా ఉబ్బి ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదులు ఇలాంటి నేలల కోసమే ఉన్నాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాటి మీద చాలా పనిచేసింది.

మా కొత్త చావిడికి మూడు వానాకాలాలు గడిచాయి. నాలుగు నాపరాళ్లు సర్దాం, ఒక చోట అరుగు సందులు మళ్లీ పూశాం, అంతే. గౌరి కిందటి కార్తీకంలో ఈనింది. వీడియో చివర్లో కాలవ పక్కన గంతులేస్తున్నది ఆ దూడే.

మనం చేలో విత్తనం వేసేముందు నేల చూస్తాం. ఏ మట్టికి ఏ పంట అని పదిసార్లు ఆలోచిస్తాం. చావిడి కట్టేటప్పుడు మాత్రం మేస్త్రీకి అప్పగించి టీ తాగడానికి పోతాం. ఆ నేలా మన నేలే కదండీ. గ్లాసుల పరీక్ష చేసి మీ నేల ఎలా వచ్చిందో రాయండి. పాత చావిడి బీటలిస్తుంటే ఫొటో పెట్టండి, నాకు తెలిసినంత వరకు చెప్తాను. ఇంకో వీడియోలో కలుద్దాం, సెలవు.